మద్ది చెట్టు మీది తెల్ల బిళ్ల

ఈ ప్రయాణం నేను చేసింది కడుపుమంటతో. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. అడవి అందాలు చూద్దామనో, గాలి మార్పు కోసమో వెళ్లానని రాయొచ్చు గానీ, చదివేవాళ్లు రెండో పేజీకల్లా పట్టేస్తారు.

జనగామ

సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. నేను జనగామలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. కాలేజీ గేటుకు తాళం. పొద్దున చౌరస్తాలో టెంటు కింద కూర్చోవడం, మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయేదాకా నినాదాలివ్వడం, సాయంత్రం బతుకమ్మకు గునుగుపూలు ఏరుకోవడం, ఇదే పని. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తోటి లెక్చరర్లతో ఇంత కలిసిమెలిసి ఎప్పుడూ లేను. జీతం రాకపోయినా మనసు తేలిగ్గా ఉండేది. ఆ తేలిక ఒక దినపత్రిక వల్ల పోయింది.

ఎవరో మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చిన కాగితం అది. నూనె మరకల మధ్య సరళ నవ్వుతోంది.

సరళ నా ఎమ్మెస్సీ రూమ్మేట్. హైదరాబాద్ హాస్టల్లో రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. వాళ్లది భీమవరం పక్కన పల్లెటూరు. నేను ‘గిట్ల’ అంటే మెస్సులో తక్కినవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. సరళ నవ్వేది కాదు. అదీ నాకు కష్టంగానే ఉండేది. నవ్వితే ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఒక కారణమైనా దొరికేది. ఇద్దరికీ సాలీళ్ల పిచ్చి. మార్కులు కూడా అటూ ఇటూగా ఒకటే. తర్వాత ఆమె పరిశోధనకు వెళ్లింది, నేను పెళ్లి చేసుకుని జనగామ వచ్చాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అందుకే మంట ఇంకా ఎక్కువ.

పేపర్లో ఏముందంటే, నడిసముద్రంలో మనుషులు కాపురముండని చిన్న చిన్న దీవులున్నాయట. వాటి మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనపడని సాలీడును సరళ కనుక్కుందట. రోజుల తరబడి ఓడలో వెళ్లిందట. శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. కొత్త జీవికి మొదట పేరు పెట్టిన మనిషి పేరు ఆ జీవి పేరు పక్కనే ఉండిపోతుంది. మనం పోయినా, మన మనవలు పోయినా అది పోదు. నేను బజ్జీ కొరకకుండానే పక్కనున్న తెలుగు మేడంకు ఇచ్చేశాను.

నాకూ ఒక దీవి తెలుసు. మా అక్కను బొగ్గుబావిలో పనిచేసే మనిషికి ఇచ్చి భూపాలపల్లి పంపిన కొత్తలో, నేను సెలవులకు వెళ్తే బావ అడవిలో ఒక చెరువుకు తీసుకెళ్లాడు. చెరువు నడుమ మూడు దిబ్బలు. వాటి మీద మద్ది చెట్లు. ఒక చెట్టు బెరడు మీద అరచేయంత వెడల్పున, బెరడులాగే బూడిద రంగులో, చదునుగా ఒక సాలీడు అతుక్కుని ఉంది. ముందు కాళ్లకు పసుపు పట్టీలు. ఒడ్డున ఉన్న మద్ది చెట్లన్నీ వెతికాను, ఒక్కటీ లేదు. ఏ పుస్తకంలోనూ దాని బొమ్మ దొరకలేదు. రికార్డులో బొమ్మ గీసుకుని ఊరుకున్నాను. ఆ బొమ్మ సరళ చూసింది. మా అక్కావాళ్ల వైపు అడవిలోదని మాత్రం చెప్పాను.

పోయిన ఉగాదికి సరళ ఫోన్ చేసింది. “ఒసే, చెరువు దిబ్బ మీద చూశానని ఓ సాలీడు బొమ్మ గీశావు గుర్తుందా? ఆ చెరువెక్కడే? ఇద్దరం కలిసి వెళ్దాం” అంది. నేను తడుముకోలేదు. “ఆ దిబ్బలెక్కడివే ఇప్పుడు, మొరం కోసం తవ్వేసిండ్రు” అన్నాను. “అయ్యో” అంది పాపం. ఆ అయ్యోలో నిజంగానే బాధ ఉంది.

సముద్రంలో దీవి దొరికిన మనిషి చెరువులో దిబ్బను వదులుతుందా? రేపో మాపో వస్తుంది. ఆమె రాకముందే నేను ఆ సాలీడును చూడాలి, ఫోటో తియ్యాలి, ఒకదాన్ని సీసాలో వేసుకోవాలి. దాని పేరు పక్కన నా పేరు ఉండాలి. ఇంకో ఆలోచన లేదు.

“రెండు మూడు రోజులు టెంటుకు రాను, మా అక్క దగ్గరికి పోతున్న” అని లెక్కల సారుకు చెప్పి బయల్దేరాను.

తొర్రూరు

బస్సులు బంద్. పాలకుర్తి మీదుగా మానుకోటకు తుఫాన్ జీపులు నడుస్తున్నాయి. బస్సు చార్జీకి మూడింతలు అడిగాడు డ్రైవర్. ఇదేం అన్యాయమంటే, “సమ్మె రేటు మేడం, నేను గూడ ఉద్యమంల ఉన్న” అన్నాడు. ముందు సీట్లో నలుగురం, గేరు మార్చినప్పుడల్లా నా మోకాలు పక్కకు జరపాలి.

తొర్రూరులో రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండ్లన్నీ వరసగా ఆగిపోయాయి. గులాబీ కండువా వేసుకున్న ఒక పెద్దాయన గరిటె పట్టుకుని జీపు కిటికీ దగ్గరికొచ్చాడు.

“దిగుండ్రి, దిగుండ్రి. తింటెనే బండి కదులుతది.”

“మాకు తొందర ఉన్నది బాపూ” అన్నాను.

“తెలంగాణ కోసం అరవై ఏండ్ల సంది ఆగుతున్నం, నువ్వు అర్ధగంట ఆగలేవా బిడ్డా?”

ఇక దిగక తప్పలేదు. బగారా అన్నం, ఆలుగడ్డ వంకాయ కూర, పచ్చిపులుసు. తారు రోడ్డు మీద విస్తరాకు పరుచుకుని తిన్నాను. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ సన్నగా తరిగి, నువ్వులపొడి కలిపారు. మా జనగామలో మొన్న చేసిన వంటావార్పులో ఒట్టి సాంబారన్నం, అదీ అడుగంటింది. నాకు వెంటనే తొర్రూరు మీద కుళ్లు పుట్టింది. అప్పటికి నేను దేన్ని చూసినా కుళ్లుకునే స్థితిలో ఉన్నాను.

మానుకోట

బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ అక్కడెవరూ ఆ మాట అనరు. కిందటేడు ఉద్యమకారులు రైలుపట్టాల మీది రాళ్లు రువ్వి ఒక నాయకుడి యాత్రను ఆపినప్పట్నుంచి మానుకోట అంటే రాళ్లు, రాళ్లంటే మానుకోట. వాటి మీద అప్పటికే పాటలు కట్టేశారు. ఊరి జనం ఆ సంగతి కొత్తవాళ్లను మర్చిపోనివ్వరు. స్టేషన్ పక్కన టీ కొట్టు అతను చాయ్ పోస్తూనే, ఏ పట్టాల మీద ఏం జరిగిందో చెయ్యి చాపి చూపించాడు. మా జనగామ మీద కూడా ఒక పాట ఉంటే బాగుండేదనుకున్నాను.

చౌరస్తాలో పిలగాళ్లు బండ్లను ఆపి చూస్తున్నారు. నా సంచిలో నీళ్లసీసా పక్కన ఇంకో సీసా దొరికింది. ఒకతను మూత తీసి వాసన చూసి, గబుక్కున మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“ఏంది మేడం గిది? పెద్దమనిషి లెక్కున్నవు.”

“స్పిరిట్ తమ్మీ. పురుగులు పాడుగాకుండ ఏస్తం. నేను కాలేజీల చెప్త.”

“పురుగులను గిండ్ల ఏస్తరా? మంచి చావే పాడుగాను” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. సీసా తిరిగిచ్చారు గానీ, వెళ్లేదాకా వెనక నుంచి ఇంకా నవ్వులు వినపడుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి ఒక పాత విద్యార్థిని ఇంట్లో ఉండి, పొద్దున్నే సగం షట్టర్ దించిన హోటల్లో ఉప్మా తిన్నాను. ప్లేటు పన్నెండు రూపాయలు, జనగామకంటే రెండు తక్కువ, పల్లీలు ఎక్కువ. హోటలాయనది బయ్యారం. ఊరి గుట్టల్లో ఇనుముందని, అది ఎవరికి పోతుందోనని ఆయన దిగులు.

“మా ఇనుము మాకుండాలె మేడం. పక్కోడొచ్చి తవ్వుకపోతుంటే చూసుకుంట కూసుంటమా?”

ఆ మాట నాకు భలే నచ్చింది. ఇనుము తీసి సాలీడు పెట్టుకుంటే సరిగ్గా సరిపోయింది. మా చెరువు, మా దిబ్బ, మా సాలీడు. నా ఏడుపు నాకే ఉద్యమంలాగా కనపడింది. ఇంకో ప్లేటు ఉప్మా పెట్టించుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. ఆయన తన పిల్లలకు దొరకాల్సిన పని గురించి మాట్లాడాడు. నేను నా పేరు గురించి ఆలోచించాను.

గంగారం

గూడూరు దాకా షేర్ ఆటో, కొత్తగూడ దాకా ట్రాక్టర్. ట్రాక్టర్లో ఇద్దరు ఆడవాళ్లు కోళ్లగంపతో కూర్చున్నారు, దారిపొడుగునా ఒక కోడి నా చీరకుచ్చిళ్లు పొడుస్తూనే ఉంది. కొత్తగూడ దాటితే ఇక అడవే. రోడ్డుకు రెండు పక్కలా మద్ది, ఇప్ప, తునికి. వానలు బాగా పడ్డాయి, ప్రతి మలుపులోనూ వాగు ఉంది. సెల్‌ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే తగ్గి, గంగారం వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

చెరువు పేరు చెబితే అక్కడ అందరికీ తెలుసు. ఒకాయన తన బండి మీద ఆ ఒడ్డున ఉన్న లంబాడీ తండాదాకా దింపాడు. పెట్రోలుకని యాభై ఇస్తే ముప్పై ఉంచుకుని ఇరవై తిరిగిచ్చాడు. “ముప్పయే అయింది మేడం” అన్నాడు. జనగామ స్టేషన్ దగ్గర ఆటోవాళ్లకు ఈ సంగతి చెబితే నమ్మరు.

తండాలో

సోనీబాయికి అరవై దాటి ఉంటాయి. మేకలున్నాయి. ఈ నెలల్లో దిబ్బల మీద సీతాఫలాలు తెంపి అమ్ముతుంది. తండాలో దిబ్బలకు పోయి వచ్చే మనిషి ఆమె ఒక్కతేనని బండాయన చెప్పాడు. ఆమె వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టింది.

“యేడికెల్లి వచ్చినవ్ బిడ్డా? జనగామనా?”

నా మాట పట్టి చెప్పిందనుకున్నాను. నేను ఎవరో, ఎందుకొచ్చానో ఎవరికీ తెలియకూడదని దారంతా అనుకుంటూనే ఉన్నాను. రేపు సరళ వచ్చి అడిగితే?

“కాదవ్వా, ములుగు. సీతాఫలాలు కొందామని వచ్చిన. చెట్టు మీద చూసి బేరం చేస్త.”

“ములుగా?” అంది. ఇంకేదో అడగబోయి ఊరుకుంది. లోపలికి తిరిగి వాళ్ల భాషలో అల్లుడికి ఏదో చెప్పింది. అల్లుడి పేరు బాలు. చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ, పిల్లల్ని చూసిపోవడానికి వచ్చాడు.

జొన్నరొట్టె పెట్టింది, ఎండుమిరపకాయ ఎల్లిపాయ తొక్కుతో. రొట్టె పల్చగా, అంచుదాకా ఒకే మందం. నేను చేస్తే పెనం మీదికి పోకముందే రెండు ముక్కలవుతుంది. మేకపాలతో చాయ్ ఇచ్చింది. తాగలేక తాగాను. నా గ్లాసు వైపు చూసి నవ్వి, ఇంకో చెంచా చక్కెర వేసింది. ఇంత మంచి మనిషికి అబద్ధం చెప్పానని ఒక్క నిమిషం అనిపించింది. ఆ నిమిషం అయిపోయాక తెప్ప ఎప్పుడు కదులుతుందని అడిగాను.

దిబ్బ

తెప్ప అంటే పెద్దదేం కాదు. థర్మాకోల్ ముక్కలు యూరియా సంచుల్లో వేసి కుట్టి, మీద వెదురుబద్దలు కట్టారు. చేపలు పట్టేవాళ్లది అడిగి తెచ్చింది. నేను ఎక్కగానే ఒక పక్కకు ఒరిగింది, నా కుడికాలి చెప్పు చెరువుపాలైంది. రెండోది ఉండి ఏం లాభమని అదీ ఒడ్డున వదిలేశాను. సోనీబాయి వెనక గొంతుకూర్చుని కట్టెతో నీళ్లు తోస్తూ, “కదలకు బిడ్డా, బండరాయి లెక్క కూసో” అంది. నేను అలాగే కూర్చున్నాను.

ఇరవై రెండేళ్లయినా దిబ్బలు అలాగే ఉన్నాయి. మొరం కోసం తవ్వారని ఎంత తేలిగ్గా అనేశానో అనుకున్నాను. మధ్య దిబ్బ దగ్గర దిగాం. సీతాఫలం చెట్లు ఒక పక్క, మద్ది చెట్లు నీటి అంచున ఒక పక్క. ఆమె గంప తీసుకుని కాయల వైపు వెళ్లింది. నేను కాసేపు నాలుగు కాయలు నొక్కి చూసినట్టు నటించి, మెల్లగా మద్ది చెట్ల వైపు జారుకున్నాను.

మొదటి చెట్టు మీద లేదు. రెండు, మూడు, నాలుగు చెట్ల మీదా లేదు. బెరడు పగుళ్లలో వేలు పెట్టి చూశాను. చీమలున్నాయి, పాత బూజు ఉంది. సరళ వచ్చి అన్నీ పట్టుకుపోయిందేమోనన్న అనుమానం మొదలైంది. అన్నిటికంటే చివర, నీళ్ల మీదికి వంగిన ఒక ముసలి మద్ది చెట్టుంది. దాని మొదట్లో నాచుపట్టిన బండ.

“అటుపోకు బిడ్డా, రాయి జారుతది” అని వెనక నుంచి కేక వినపడింది. విననట్టే ఉన్నాను. ఆమె వస్తే నేను చూసేదేమిటో ఆమె కూడా చూస్తుంది. బండెక్కి మునివేళ్ల మీద నిలబడ్డాను.

ఉంది. తలకు కొంచెం పైన, బెరడుకు అంటుకుని. అదే బూడిద రంగు, అవే పసుపు పట్టీలు. దాని పొట్ట కింద గుండ్రంగా, రూపాయి బిళ్లకంటే పెద్దదిగా, కాగితంలాంటి తెల్లటి బిళ్ల. గుడ్లసంచి. తల్లి సాలీడు నాలుగు కాళ్లు ఆ బిళ్ల మీద వేసుకుని కూర్చుంది. నేను ఊపిరి వదిలినా కదలలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే, కానీ ఆ సంతోషంలో మొదట వచ్చిన మాట ‘సరళా, అయిపోయింది నీ పని’ అన్నది. రాయకుండా ఉండొచ్చు గానీ అది కూడా ఈ ప్రయాణంలో భాగమే.

ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో సీసా తియ్యబోయాను. రెండు చేతులూ సంచిలో ఉండగా కాలు జారింది.

బండ అంచు మోకాలి కింద దిగింది. లోపల తెల్లగా ఏదో కనపడింది, ఆ వెంటనే రక్తం కమ్మేసింది. ఫోన్ గడ్డిలో పడింది, సీసా పగిలింది. సోనీబాయి పరిగెత్తుకొచ్చి కొంగు చింపి కట్టింది. గుడ్డ తడిసిపోయింది. ఇంకోటి కట్టింది. అదీ ఎర్రబడింది. ఆమె మొహంలో కంగారు మొదలైంది. తలెత్తి చెట్టువైపు చూసింది. వాళ్ల భాషలో తనలో తనే ఏదో అనుకుంది. తర్వాత బండెక్కి చెయ్యి పైకి చాపింది.

“వద్దవ్వా! దాన్ని ముట్టకు!” అని అరిచాను.

“నొయ్యదు బిడ్డా. భయపడకు.”

సాలీడు పారిపోలేదు. పారిపోతే బతికేది. బిళ్లను పట్టుకునే ఉండిపోయింది. ఆమె దాన్ని చేత్తో అణిచి పక్కకు తుడిచేసి, బిళ్లను బెరడు నుంచి ఊడదీసి, నా గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా అదిమింది. మా జనగామలో కూడా చిన్నప్పుడు వేలు తెగితే గోడ మీది తెల్లబిళ్ల పీకి అంటించేవాళ్లు. అదేమిటో తెలుసుకున్నది కాలేజీలోనే. కాసేపటికి రక్తం నిజంగానే ఆగింది.

“ఏం చేసినవవ్వా!” అని నేను ఏడుస్తుంటే, నొప్పికనుకుని వీపు నిమిరింది. తర్వాత ఆమె కూడా నా పక్కన కూలబడింది.

“మాట తప్పిన బిడ్డా. నెత్తురు ఆగకపాయె, నేనేం జేతును. పోయిన ఎండకాలంల ఒక మేడం వచ్చింది. అద్దాలు పెట్టుకుంటది, ఆంధ్ర మాట. అడవి అంత అడుక్కుంట అడుక్కుంట వచ్చిందట. మా తండకు గీ బిళ్లలే మందు. గొడ్డలి తగిలినా, మేక కాలు తెగినా గివే. మునుపు చెట్టుకు పదుండె. పీకి పీకి ఇగ గీ ఒక్క చెట్టుకే మిగిలినయ్. ఆ మేడం డబ్బడు పట్టీలిచ్చి, ‘ఇక పీకొద్దు అవ్వా, కోసుకుంటే ఇవి అంటించు’ అని చేతుల పట్టుకున్నది. పట్టీలు అయిపోయినయ్, అయినా నేను ముట్టలే. ఇయ్యాలటి దాంక ముట్టలే.”

నేను చెయ్యి చాపి గడ్డిలో పడిన ఫోన్ తీసుకున్నాను.

“ఆమె గూడ ఒక్కటి పట్కపోలే. ఫోటో గూడ తియ్యలే. ‘ముందుగాల దీన్ని చూసింది నా దోస్తు, జనగామల ఉంటది. ఆమె వస్తది. ఆమె వస్తే నువ్వే తీస్కపోయి చూపియ్యి’ అన్నది. పట్నం ఆడోళ్లు ఎవరొచ్చినా జనగామనా అని అడుగుతున్న. ఆమె ఇంకా రాలే. వస్తే నేను ఏం చూపియ్యాలె?”

నేనే ఆమెనని చెప్పాను. చాలాసేపు నా మొహం చూసింది. తిట్టలేదు. “మరి ములుగంటివి గద బిడ్డా” అంది.

ఒడ్డుకొచ్చేదాకా ఆ తెప్ప మీద నేను ఏం ఆలోచించానో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఆ చచ్చిన సాలీడు గురించి కాదు. సరళ అంత మంచిగా ఉండడం గురించి. అబద్ధమని తెలిసీ నన్నొక మాట అనకుండా, వచ్చి చూసి, నా వంతు నాకే వదిలి వెళ్లింది. అంత పెద్ద మనసు ఆమెకే ఎందుకుండాలి, నాకెందుకు లేకపోయిందని ఒళ్లంతా మండింది.

చెల్పూర్ మీదుగా

బాలు తన మోటార్ సైకిల్ మీద నన్ను భూపాలపల్లి తీసుకెళ్లాడు. ములుగులో ఆగి కుట్లు వేయించుకోమన్నాడు. ఆ ఊరిపేరు వినడానికే మనసొప్పక అక్క దగ్గరికే పోదామన్నాను. సోనీబాయి ఒక సంచి నిండా సీతాఫలాలు నా ఒళ్లో పెట్టింది. పైసలు తీసుకోలేదు.

చెల్పూర్ ప్లాంటు పొగగొట్టం కనపడ్డాక బాలు అన్నాడు, “మా అత్త పరేషాన్ల పడ్డది మేడం. మాట తప్పుడు ఆమెకు ఎర్కలేదు. ఆ మేడంకు మీరే జర మంచిగ చెప్పుండ్రి, తప్పు మా అత్తది కాదని.”

“చెప్త తమ్మీ” అన్నాను.

భూపాలపల్లిలో బావులు బంద్, దుకాణాలు బంద్. దవాఖానలో అత్యవసర కేసులు మాత్రం చూస్తున్నారు. అక్క నన్ను చూసి లబోదిబోమంది. నర్సమ్మ నా గాయం మీద మందునీళ్లు పోసి, ఎండి అతుక్కుపోయిన బిళ్లను చిమటాతో నెమ్మదిగా లాగింది. బిళ్ల రెండు పొరలుగా చీలింది. మధ్యలోంచి పసుపుపచ్చగా సన్నటి గింజలు దూదిలోకి రాలాయి.

“ఏంది మేడం గివి? గసాలు పెట్టి కట్టిండ్రా?” అంది నర్సమ్మ.

గుడ్లు. కొన్ని నలిగిపోయాయి, కొన్ని గుండ్రంగానే ఉన్నాయి. ఆ దూది పారెయ్యొద్దన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఒక కాగితంలో మడిచి ఇచ్చింది. వాటికి పట్టిన మందునీళ్ల వాసన చూస్తే, ఇక ఏమీ మిగలదని జువాలజీ చదవనివాళ్లకు కూడా తెలుస్తుంది. ఏడు కుట్లు పడ్డాయి.

దవాఖాన వరండాలో కూర్చుని సరళకు ఫోన్ చేశాను. ఉగాది నాడు చెప్పిన అబద్ధంతో మొదలుపెట్టి, దూది దాకా మొత్తం చెప్పాను. తప్పు సోనీబాయిది కాదని రెండుసార్లు చెప్పాను.

“అబద్ధమని నాకు అప్పుడే తెలుసే” అంది సరళ. ఇన్నేళ్లలో ఆమెకు కోపం రావడం నేను వినలేదు. “నాలుగు నెలల్నుంచి దాని గురించి ఒక్క ముక్క రాయకుండా కూర్చున్నాను. నువ్వే ఫోన్ చేస్తావని, ఇద్దరం రాద్దామని. ఇప్పుడేం రాయమంటావు? దొరికిందని రాయనా, పోయిందని రాయనా?”

నాకు ఒక మాట తట్టింది. అప్పుడది చాలా నిజాయితీగల మాటలాగే అనిపించింది.

“పోయిందనే రాయి సరళా. ఎవరి వల్ల పోయిందో కూడా రాయి. నా పేరు పెట్టి రాయి. దాచకు.”



“దీంట్లో కూడా నీ పేరే రావాలా?” అంది సరళ. ఫోన్ పెట్టేసింది.

జనగామ వచ్చి రెండు వారాలు దాటింది. కుట్లు విప్పారు. మళ్లీ టెంటుకు వెళ్తున్నాను. వానలు వెలిశాక మిగతా రెండు దిబ్బల మీద ప్రతి చెట్టూ చూస్తానని సోనీబాయి బాలుతో కబురు పంపింది. సరళ మళ్లీ మాట్లాడలేదు. ఈ ప్రయాణం గురించి రాయమని మా లెక్చరర్ల సంఘం పత్రికవాళ్లు అడిగితే నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది. ఇందులో ఆ చెరువు పేరు రాయలేదు, మీరెవరూ అక్కడికి వెళ్లకూడదు. నా పేరు కూడా రాయలేదు.